గడగడా చదివితే చదివినట్టేనా

తెలంగాణలో పరీక్షలు ఎక్కడ పుడతాయని ఎవరైనా అడిగితే నాంపల్లి, అబిడ్స్ వైపు చెయ్యి చూపిస్తే సరిపోతుంది. పదో తరగతి పరీక్షలు నడిపే ప్రభుత్వ పరీక్షల కార్యాలయం చాపెల్ రోడ్డులో ఉంది. ఇంటర్ బోర్డు వారి విద్యాభవన్ నాంపల్లిలో. ఉద్యోగాల పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి ప్రతిభా భవన్ ఎం.జె. రోడ్డు మీద. కాస్త ఇవతలికొస్తే ఎల్.బి. స్టేడియం ఎదురుగా, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ. కుర్రాడు పదో తరగతి దాటాలన్నా, ఇంటర్ గట్టెక్కాలన్నా, సర్కారు నౌకరీ కొట్టాలన్నా అతని కాగితం ఈ నాలుగు వీధుల్లో ఎక్కడో ఒకచోట తిరగాల్సిందే.

ఇన్ని పరీక్షల ఆఫీసులున్న ఈ వీధుల వెనక సందుల్లో రెండో తరగతి చదివే పిల్లలున్నారు. వాళ్ళలో ఒక పిల్లకు చదవడం వచ్చిందా, రాలేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనం నమ్ముకున్న పనిముట్టు సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్. పిల్ల చేతిలో ఒక పేరా పెడతారు. మీట నొక్కుతారు. నిమిషం కాగానే ఆపుతారు. ఎన్ని పదాలు చదివిందో లెక్కేసి గడిలో రాస్తారు. అంకె గీత దాటితే చదువు వచ్చినట్టు, దాటకపోతే వెనకబడినట్టు.

ఈ నమ్మకం అధికారులది మాత్రమే అనుకుంటే పొరపాటు. తల్లిదండ్రులదీ అదే. ‘మా వాడు గడగడా చదివేస్తాడండీ’ అని గొప్పగా చెప్పుకోని ఇల్లుందా? తడబడుతూ, కూడబలుక్కుంటూ చదివే పిల్లను చూసి తల కొట్టుకోని తండ్రి ఉన్నాడా? వేగమే చదువని మనందరం ఒప్పేసుకున్నాం. ఆ ఒప్పుదల తప్పని, తెలుగు పిల్లల విషయంలో మరీ తప్పని నా వాదం.

ముందు ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ ప్రారంభించింది. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకూ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలన్నది దాని సంకల్పం. సంకల్పంలో వంక పెట్టడానికేమీ లేదు. అది పెట్టిన లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అని ఉంది. న్యాయంగా చెప్పాలంటే ఆ అంకెల పక్కనే ‘అర్థం చేసుకుంటూ’ అనే మాట కూడా ఉంది. కానీ ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది. ఢిల్లీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి తరగతి గదికి వచ్చేసరికి అర్థం దారిలో రాలిపోయి అంకె మాత్రం మిగిలింది. అంకెను గడిలో రాయడం తేలిక. అర్థాన్ని రాయడం కష్టం.

ఈ అంకె మన నేల మీద మొలిచింది కాదు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో తయారైన డిబెల్స్ అనే పరీక్షలో నిమిషం చదివించి పదాలు లెక్కపెట్టే పద్ధతి ఉంది. 2006లో అమెరికా సాయసంస్థ యూఎస్ఎయిడ్, ప్రపంచ బ్యాంకు అండతో ఆర్‌టీఐ అనే సంస్థ దాన్ని పేద దేశాలకు అనువుగా మలిచి ‘ఎగ్రా’ అని పేరు పెట్టింది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన హెలెన్ అబాడ్జీ వంటివారు దానికి ఒక సిద్ధాంతం జోడించారు. మనసులో తాత్కాలికంగా పట్టే చోటు చిన్నది, కొన్ని క్షణాల్లో చెరిగిపోతుంది, కాబట్టి పిల్ల మరీ నెమ్మదిగా చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది, అందుకే నిమిషానికి 45, 60 పదాల వేగమైనా ఉండాలి. ఇదీ ఆ వాదం సారాంశం.

ఈ వాదంలో నిజం లేదని నేననను. ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆయాసపడే పిల్లకు వాక్యం అందదు. వేగంగా చదివే పిల్లలు ఎక్కువ అర్థం చేసుకుంటారని చాలా దేశాల్లో లెక్కలు తీసి చూపించారు. ఇంకో ఆకర్షణ కూడా ఉంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు, ఒక్క నిమిషంలో అయిపోతుంది, ఎవరైనా పెట్టగలరు, ఊరికీ ఊరికీ పోల్చుకోవచ్చు. సుళువైన పని కాబట్టే అంత తొందరగా పాకింది. కానీ జ్వరం ఉందని చెప్పే అంకె జ్వరం ఎందుకొచ్చిందో చెప్పదు. అసలు ఆ అంకె కూడా తెలుగులో తప్పుగా వస్తుందన్నది నా మొదటి అభ్యంతరం.

‘పిల్లవాడు చెట్టు ఎక్కి కాయ కోశాడు.’ అయిదు పదాలు. ‘పిల్లవాడు చెట్టెక్కి కాయ కోశాడు.’ నాలుగు పదాలు. పిల్ల నోట పలికింది దాదాపు ఒకటే, పట్టిన సమయమూ ఒకటే. సంధి కలిపి అచ్చువేశారా, విడదీసి అచ్చువేశారా అన్నదాన్ని బట్టి ఆ పిల్ల వేగం అయిదో వంతు తగ్గిపోయింది. ‘రామయ్య ఇంటికి వెళ్ళాడు’ మూడు పదాలు, ‘రామయ్యింటికెళ్ళాడు’ ఒకటే పదం. తెలుగులో క్రియ చివర ఎవరు, ఎందరు, ఎప్పుడు, చేశారా చేయలేకపోయారా అన్నీ ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. ‘చదివించుకోలేకపోయారు’ అన్నది ఒక్క పదమే. ‘ఈ ఇల్లు మాది’ అన్నది మూడు పదాలు. మూడు పదాలు చదివిన పిల్ల గొప్పదా, ఆ ఒక్క పదం చదివిన పిల్ల గొప్పదా? ఇంగ్లీషులో పదమంటే చిన్న ముక్క. తెలుగులో పదం ఒక్కోసారి వాక్యమంత పొడుగు. ఆ రెండింటినీ ఒకే గడియారంతో లెక్కించి ఒకే గీత గీయడం ఎక్కడి శాస్త్రం?

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదా అంటే, తెలుసు. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ దేశమంతటా సుమారు 10 వేల బడుల్లో 86 వేల మంది మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి 20 భాషల్లో పరీక్షించింది. ఆ అధ్యయనం ఏ భాషకు ఆ భాషలో వేర్వేరు గీతలు గీసింది. అంటే ఒకే అంకె అన్ని భాషలకూ పనికిరాదని సర్కారు వారి సొంత అధ్యయనమే ఒప్పుకుంది. అయినా ప్రచారంలో, గోడల మీద, సమీక్షా సమావేశాల్లో నడుస్తున్నది పాత అంకే. తమ చేత్తో రాసిన దిద్దుబాటును తామే చదవకపోతే ఎలా?

రెండో అభ్యంతరం లిపి గురించి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవ ఇక్కడే ఉంది.

ఇంగ్లీషు పిల్ల 26 అక్షరాలు నేర్చుకుని, ఆపైన వాటి చిత్రవిచిత్రమైన పలుకుబళ్ళతో ఏళ్ళ తరబడి కుస్తీ పడుతుంది. తెలుగు పిల్ల కష్టం వేరు. తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం కాబట్టి ఆ బాధ లేదు. కానీ గుర్తుపట్టాల్సిన రూపాలు కుప్పలు. హల్లులు 34 అనుకుని, ఒక్కోదానికి 12 గుణింతపు రూపాలే లెక్కేసినా 400 దాటుతాయి. దానిపైన ఒత్తులు. కొన్ని ఒత్తులు అక్షరానికి కిందికి, కొన్ని పక్కకు, ‘స్త్రీ’లాంటి చోట ఒకదాని కింద ఒకటి. కొన్ని ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. మ ఒత్తు, య ఒత్తు, ర ఒత్తు చూడండి. ఇక వ, మ, య ఒకదాన్ని పోలి ఒకటి. ప, ష, ఫ అంతే. కొ, కో మధ్య తేడా చిన్న గీత. ఏడేళ్ళ కళ్ళు వీటిని విడదీసి పట్టుకోవడానికి సమయం పడుతుంది.

బెంగళూరులో ప్రామిస్ ఫౌండేషన్ తరఫున పనిచేసిన సోనాలీ నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. అక్షరాలన్నీ పిల్లలకు పట్టుబడడానికి ఇంగ్లీషు పిల్లలకు పట్టే కాలం కన్నా చాలా ఎక్కువ పడుతుందని, మూడు, నాలుగు తరగతుల దాకా నేర్చుకుంటూనే ఉంటారని ఆమె చూపించారు. తెలుగు పిల్లలు లిపిలోని ధ్వనులను ఎలా పట్టుకుంటారన్న దానిపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దుగ్గిరాల వసంత 2004లోనే పరిశోధన ప్రచురించారు. పరిశోధన లేక కాదు, దాన్ని పరీక్ష తయారుచేసేవాళ్ళు బల్ల మీదికి తెచ్చుకోక ఈ తిప్పలు.

ఇప్పుడు ఒక వాక్యం తీసుకుందాం. ‘ఆవు గడ్డి మేస్తోంది.’

ఒక పిల్ల దీన్ని ‘ఆవు గడి మేస్తోంది’ అని చదివింది. ఇంకో పిల్లవాడు ‘ఆవు గుడ్డి మేస్తోంది’ అన్నాడు. మూడో పిల్ల ‘ఆవు గడ్డి తింటుంది’ అంది. గడియారం లెక్కలో ముగ్గురూ సమానం. ఒక్కో తప్పు, మిగిలిన రెండు పదాలు ఒప్పు. నిజంగా ముగ్గురూ సమానమా? మొదటి పిల్లకు గుణింతం వచ్చు, ఒత్తు కనబడలేదు. ఆ పిల్లకు కావలసింది ద్విత్వాక్షరాల మీద పది రోజుల సాధన. రెండో పిల్లవాడు లేని కొమ్మును చూశాడు. అంతకన్నా పెద్ద సంగతేమిటంటే, ఆవు గుడ్డిని ఎలా మేస్తుందని అతనికి అనుమానం రాలేదు. చదివే మాటకు అర్థం ఉంటుందన్న ఎరుకే అతనికి ఇంకా కలగలేదు. అతనికి అక్షరం కన్నా ముందు కథలు కావాలి, పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి కావాలి. మూడో పిల్ల అసలు తప్పే చేయలేదంటాను. ఆవు ఏం చేస్తోందో ఆమెకు తెలిసిపోయింది, కన్ను అక్షరం మీద వాలేలోపే మనసు పరుగెత్తింది. ఆమెను కాస్త నెమ్మదించమంటే చాలు.

అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1960లలోనే ఈ మాట చెప్పాడు. పిల్లలు చదివేటప్పుడు చేసే పొరపాట్లు వాళ్ళ మనసులోకి తొంగిచూసే కిటికీలని, వాటిని లెక్కపెట్టడం కన్నా వాటి రకం చూడాలని ఆయన వాదం. 2006లో డిబెల్స్ మీద ఏకంగా ఒక ఖండన గ్రంథమే కూర్చాడు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే అదే పనిని తరగతి గదికి తెచ్చింది. పిల్ల చదువుతుంటే టీచరు పక్కన కూర్చుని, ఒక్కో పదానికి ఒక్కో గుర్తు పెట్టుకుంటూ, ఎక్కడ ఆగింది, ఎక్కడ తనంతట తానే దిద్దుకుంది రాసుకోవాలి. తనంతట తాను దిద్దుకోవడం ఆమె లెక్కలో గొప్ప సంకేతం. మన గడియారం లెక్కలో మాత్రం అది రెండు సెకన్ల నష్టం.

గుడ్‌మన్ చెప్పిందల్లా నేను నమ్మను. అక్షరాలు పట్టుగా నేర్పక్కర్లేదు, పిల్లలు ఊహించుకుంటూ చదివేస్తారన్న ఆయన ధోరణి తెలుగు లిపికి అసలు కుదరదు. కానీ తప్పు రకం చూడాలన్న మాట మాత్రం మన ఒత్తులకు, గుణింతాలకు చక్కగా సరిపోతుంది.

ఇక్కడ అసర్ సర్వే గురించి ఒక మాట. 2005 నుంచి ప్రథమ్ సంస్థ నడిపిస్తున్న ఈ సర్వే ఫలితాలు రాగానే పత్రికల్లో గగ్గోలు లేస్తుంది. దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం అని చదివి అందరం నిట్టూర్చాం. అసర్‌లో నాకు నచ్చిన సంగతి, అందులో గడియారం లేదు. పిల్ల వాక్యాన్ని వాక్యంలా చదివిందా, పదాలు విడివిడిగా పేర్చిందా అని చూస్తారు. ఆ మేరకు అది మర్యాదైన పరీక్ష. కానీ దాని మెట్లు చూడండి: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. తెలుగులో అక్షరానికీ పదానికీ మధ్య గుణింతం, ద్విత్వం, సంయుక్తం అని పెద్ద అడివి ఉంది. ఆ అడివిలో ఎవరు ఎక్కడ తప్పిపోయారో ఈ మెట్లు చెప్పవు. అన్నిటికన్నా ముఖ్యం, అది పల్లెల సర్వే. హైదరాబాద్ జిల్లాలో పల్లె లేదు కాబట్టి అందులో నాంపల్లి పిల్ల లేదు. పల్లె అంకెలు చూసి నగరపు బస్తీ బడి గురించి తీర్పులు చెప్పే పెద్దలు ఈ చిన్న సంగతి గమనించాలి.

మూడో అభ్యంతరం, అర్థం గురించి. ఇది మన ఇళ్ళల్లో అందరికీ అనుభవంలో ఉన్నదే. ఎందరో అమ్మమ్మలు తెలుగు లిపిలో అచ్చయిన విష్ణు సహస్రనామం రోజూ గుక్కతిప్పుకోకుండా చదువుతారు. నాంపల్లి ముస్లిం ఇళ్ళల్లో పిల్లలు ఖురాన్‌ను నాజిరా పద్ధతిలో, అరబ్బీ అర్థం తెలియకుండానే, చక్కని ఉచ్చారణతో చదవడం నేర్చుకుంటారు. రెండూ భక్తితో చేసే పనులు, వాటి విలువ వాటికుంది. అక్కడ అర్థం అడగడం ఉద్దేశం కాదు. కానీ ఒక్క సంగతి మాత్రం రెండూ రుజువు చేస్తున్నాయి. తడబాటు లేకుండా చదవడం వేరు, అర్థం కావడం వేరు. తరతరాలుగా ఇంట్లో చూస్తున్న ఈ సత్యాన్ని బడి గడప తొక్కగానే ఎందుకు మరిచిపోతాం?

రాసింది రాసినట్టు పలికే లిపిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే తెలుగు పిల్ల ఏ పేరానైనా పైకి చదివేస్తుంది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. దానికి తోడు కంఠస్థం. పాఠ్యపుస్తకంలోని పాఠాన్నే ఇచ్చి చదవమంటే సగం మంది పిల్లలు కళ్ళు మూసుకుని అప్పజెప్పగలరు. వేలు మూడో వరుస మీద ఉంటుంది, నోరు అయిదో వరుసలో ఉంటుంది. అనుభవమున్న టీచర్లకు ఇది తెలుసు, అందుకే కింది వరుస నుంచి పైకి చదివిస్తారు, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇదేమిటని అడుగుతారు. స్టాప్‌వాచ్‌కు ఈ తెలివి లేదు.

‘ఎగ్రా’లో అర్థానికి ప్రశ్నలున్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. ఉన్నాయి. అయితే దాని మామూలు పద్ధతిలో పిల్ల ఆ నిమిషంలో ఎంతవరకు చదివిందో అంతవరకే ప్రశ్నలు అడుగుతారు. నెమ్మదిగా చదివే పిల్లకు రెండే ప్రశ్నలు, వేగంగా చదివిన పిల్లకు అయిదు. ఇక వేగానికీ అర్థానికీ గట్టి సంబంధం ఉందని లెక్కల్లో తేలక ఏమవుతుంది? నెమ్మదిగా చదివి అంతా అర్థం చేసుకున్న పిల్లకు ఆ సంగతి చెప్పే అవకాశమే ఇవ్వలేదు.

ఇక నాంపల్లి సంగతికి వద్దాం. ఈ పేటలో ఒక్క తరగతి గదిలోకి తొంగిచూసినా ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్ల, పాలమూరు నుంచి కూలికి వచ్చిన కుటుంబపు తెలుగు పిల్ల, మార్వాడీ పిల్లవాడు, మరాఠీ పిల్ల పక్కపక్కన కనిపిస్తారు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అంతకు ముందే, 2018 చట్టంతో, అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. రెండిటి ఉద్దేశాల మీద వేరే చర్చ చేసుకోవచ్చు. ఇక్కడ అడగాల్సింది ఒకటే. ఈ పిల్లలకు చదవడం వచ్చో రాదో ఏ భాషలో చూస్తారు?

ఉర్దూ మాధ్యమం బడినీ తెలుగు బడినీ ఒకే గడియారంతో చూడడం ఎంత అన్యాయమో లిపిని బట్టే తెలుస్తుంది. చిన్న తరగతుల పుస్తకాల్లో జేర్, జబర్, పేష్ గుర్తులు పెట్టినా మామూలు ఉర్దూ అచ్చులో అవి ఉండవు. ‘ఇస్’ అన్నా ‘ఉస్’ అన్నా రాత ఒకటే. ఈ అనాలా ఆ అనాలా అన్నది వాక్యం అర్థమైతేనే తేలుతుంది. అంటే ఉర్దూ పిల్ల తప్పులేకుండా పైకి చదివిందంటే ఎంతో కొంత అర్థం చేసుకున్నట్టే. తెలుగు పిల్ల తప్పులేకుండా చదివినా ఆ హామీ లేదు. ఒకే రోడ్డుకు ఇటు ఒక బడి, అటు ఒక బడి. రెండు బడుల్లో ఒకే అంకె రెండు వేర్వేరు సంగతులు చెబుతోంది. ఆ రెండు అంకెలను ఒకే పట్టికలో వేసి ఈ బడి ముందు, ఆ బడి వెనక అని చెప్పే సమీక్షలకు ఏం పేరు పెట్టాలి?

యాస సంగతి చెప్పనే అక్కర్లేదు. పుస్తకంలో ‘వస్తున్నాడు’ అని ఉంటే పిల్ల ‘వస్తున్నడు’ అంటుంది. ‘వచ్చింది’ చూసి ‘అచ్చింది’ అంటుంది. పరీక్షించేవారు దీర్ఘం పోయిందని, అక్షరం మారిందని తప్పు వేస్తే వేయవచ్చు. కానీ ఆ పిల్ల పుస్తకాన్ని చదివి, అర్థం చేసుకుని, తన ఇంటి మాటలో పలికింది. ఇంతకన్నా మంచి చదువు ఏముంటుంది? మాండలికం కోసం దశాబ్దాలు కొట్లాడిన నేల మీద, ఏడేళ్ళ పిల్ల నోట మాండలికం వస్తే మార్కు కోస్తామా?

కొలవకపోతే మెరుగుపడదు కదా అంటారు. మంచిదే, కానీ కొలత గురిగా మారితే ఏమవుతుందో కూడా చూడాలి. ఇంగ్లండులో 2012 నుంచి ఆరేళ్ళ పిల్లలకు 40 పదాలు చదివించే పరీక్ష పెట్టారు. 32 వస్తే పాసు. గీత 32 అని టీచర్లకు ముందే తెలిసిన మొదటి రెండేళ్ళు ఫలితాల పటం చూస్తే విచిత్రం కనబడుతుంది. 31 వచ్చిన పిల్లలు కొద్దిమందే, 32 దగ్గర ఒక్కసారిగా గుట్ట లేచింది. 2014లో గీతను ముందుగా చెప్పడం మానేశారు, గుట్ట పోయింది. అక్కడి టీచర్లు దొంగలని కాదు. తన తరగతిలోని పిల్ల ఒక్క పదం తేడాతో తప్పిందని రాయడానికి ఏ టీచరుకు చెయ్యి వస్తుంది? అంకె మీద తన పరువు, బడి పరువు ఆధారపడినప్పుడు మనిషి చేసేదే వాళ్ళూ చేశారు. మన సర్కారు బడుల్లో ఆ ఒత్తిడి ఇంకా తక్కువా?

దీనికి విరుగుడు పరీక్షలే వద్దనడమని కొందరు మిత్రులు అంటారు. పసిపిల్లలకు పరీక్షలేమిటి, ఆడుకోనివ్వండి అంటారు. నాకు ఆ మాటలో దయ కనిపిస్తుంది కానీ బాధ్యత కనిపించదు. ఎవరూ చూడకపోతే వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల అలాగే అయిదో తరగతికి పోతుంది. డబ్బున్న ఇంటి పిల్లకు ట్యూషన్ ఉంటుంది, నష్టపోయేది కూలి పిల్లే. పరీక్ష శత్రువు కాదు. అబిడ్స్ పక్కనే తిలక్ రోడ్డులో ఉన్న సారస్వత పరిషత్తు 1943లో పుట్టి, నిజాం ఏలుబడిలో బడుల్లో తెలుగుకు చోటు చాలని రోజుల్లో, పరీక్షలు పెట్టి జనం చేత తెలుగు చదివించింది. ఆ పరీక్షకు కూర్చోవాలంటే పుస్తకాలు చదవాలి. చదివించే పరీక్షకూ, చదివే పిల్లను పరుగెత్తించే పరీక్షకూ ఉన్న తేడా అదే.

ఎల్‌కేజీ సీటు కోసం మూడున్నరేళ్ళ పిల్లను కూర్చోబెట్టి ఇంగ్లీషు అక్షరాలు, రైములు అడిగే బడుల గురించి ఎక్కువ రాయను. బడిలో చేర్చుకోవడానికి పిల్లలను పరీక్షించి వడబోయడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారికి 25 వేలు, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా ఉంది. అమలు చేస్తే చాలు.

మరి ఏం చేయాలి? టీచరు, పిల్ల, ఇద్దరే. పిల్ల మునుపు చూడని చిన్న కథ, ఎనిమిది పది వాక్యాలది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో పిల్లల పత్రికలు ఏరుకోవచ్చు, ఖరీదైన కిట్లు అక్కర్లేదు. గడియారం వద్దు. పిల్ల చదువుతుంటే టీచరు దగ్గరి కాగితం మీద మూడే రకాల గుర్తులు పెట్టుకోవాలి. గుణింతం పోయిందా, ఒత్తు పోయిందా, అర్థం పోయిందా. తనే దిద్దుకుంటే దానికో గుర్తు. ఆపైన కథ ఏమిటో చెప్పమనాలి, ఉర్దూలో చెప్పినా, పాలమూరు యాసలో చెప్పినా, హిందీ కలిపి చెప్పినా సరే. ఆ భాష టీచరుకు రాకపోతే పక్కనున్న పిల్లే చెబుతుంది, బస్తీ బడిలో దుబాసీలకు కొదవ లేదు. మూడు నెలలకోసారి ఇది చేసి, ఆ కాగితాలు పిల్ల పేరుతో ఒక కవరులో ఉంచితే ఏడాది చివర ఆ పిల్ల ఎంత నడిచిందో కళ్ళకు కడుతుంది.

టీచర్లకు సమయం ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్కో పిల్లకు అయిదు నిమిషాలు. 30 మంది పిల్లలకు రెండున్నర గంటలు. దాన్ని రెండు వారాల్లో పంచితే రోజుకు ముగ్గురు. 2022 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఒకటి నుంచి అయిదు తరగతులకు చదవడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి టీచర్లు ఈ తరహా పరిశీలనకు కొత్తవారు కాదు. వాళ్ళ సమయం తింటున్నది పిల్ల పక్కన కూర్చోవడం కాదు, ఆ తరవాత అంకెలు నింపే పని, ఆ అంకెలకు సంజాయిషీ చెప్పుకునే పని. పైవాళ్ళకు రాష్ట్రం మొత్తం లెక్క కావాలంటే నాలుగైదేళ్ళకోసారి కొన్ని బడులను ఎంచుకుని, ఎన్‌సీఈఆర్‌టీ చేసినట్టు విడిగా సర్వే చేసుకోవచ్చు. ప్రతి పిల్లనూ ప్రతి నెలా ఆ లెక్క కోసం పరుగెత్తించనక్కర్లేదు.

టీచర్ల మాట ఎలా నమ్ముతాం అంటారా? వాళ్ళు రాసిన ‘ఒత్తు పోయింది’ని నమ్మనివాళ్ళు వాళ్ళు రాసిన ‘47’ను ఎలా నమ్ముతున్నారు?

ఎస్‌సీఈఆర్‌టీకి నా విన్నపం ఇది. తెలుగుకు, ఉర్దూకు ఆయా లిపుల స్వభావాన్ని బట్టి వేర్వేరు పరిశీలన పత్రాలు తయారుచేయండి. గుణింతం, ద్విత్వం, సంయుక్తం విడివిడిగా కనబడేలా మెట్లు పెట్టండి. యాసకు తప్పు వేయవద్దని మార్గదర్శకాల్లో స్పష్టంగా రాయండి. నిమిషానికి పదాల గడి ఎక్కడున్నా కొట్టేయండి. తల్లిదండ్రులకు నా మాట ఇంకా చిన్నది. సాయంత్రం పిల్ల చదివేటప్పుడు ‘తొందరగా చదువు’ అనకండి. చదవడం అయ్యాక, మీ ఇంటి భాషలో, కథేమిటో చెప్పమని అడగండి.